ఆక్సిజన్ చావి

మా బావ పర్శరాములు నన్ను మొదటిసారి కొట్టింది జెబెల్ అలీలో, ఒక ఇనుప ట్యాంకు మూతి దగ్గర. అంతకుముందు పదేళ్లు నేను ఆయన ఇంట్లోనే తిని పెరిగాను. మా అక్క గౌరవ్వను చేసుకున్నప్పుడు ఆమె వెంట తమ్ముణ్ని కూడా తెచ్చుకున్నాడని ఊళ్లో ఎవరైనా నవ్వితే, తనూ నవ్వేవాడు. నిజామాబాదు ఐటిఐలో చేర్పించింది ఆయనే, దుబాయ్ రప్పించింది ఆయనే. అందుకే ఎనభై ఒకటి ఎండకాలం గురించి నేను చెప్పబోతే, మా వాళ్లు ముందు ఆయన పెట్టిన తిండి గుర్తుచేసి నా నోరు మూయిస్తారు. నేను కాదన్నదెప్పుడు? తిన్నది నిజమే. ఆ ఎండకాలం జరిగిందీ నిజమే.

మా యార్డులో ఓడలకూ, నూనె కంపెనీలకూ ట్యాంకులు కట్టేవాళ్లు. అంతకుముందు సెప్టెంబరులో కొత్తగా ముగ్గురు అప్రెంటీసులను తీసుకున్నారు, అందులో నేనొకణ్ని. మొదటి ఏడాది ఏ మచ్చా పడకుండా గట్టెక్కితే సెప్టెంబరులో పరీక్ష పెట్టి రెండో ఏడాదికి తీసుకుంటారు. మూడేళ్లూ పూర్తయితే ఫిట్టర్ అని కాగితం ఇస్తారు. అది చేతిలో ఉంటే గల్ఫులో ఏ యార్డు గేటు దగ్గరికి పోయినా కూర్చోమంటారు. లేకపోతే బతుకంతా ఇసుకా, సిమెంటూ మోయడమే. మధ్యలో ఏ తప్పు జరిగినా తిరుగు టికెట్టు కొట్టి పంపిస్తారు. నాకు ఆ పరీక్ష తప్ప వేరే ధ్యాస లేదు.

మొదటి ఏడాది అప్రెంటీసును మనిషి కింద లెక్కేయరు. రాజలింగం అని పాస్‌పోర్టులో ఉన్నా, పర్శరాములు బామ్మర్దిని కాబట్టి యార్డు మొత్తానికీ నేను బామ్మర్దినే. మలయాళీలు, పఠాన్లు కూడా ఆ మాట నేర్చుకుని అలాగే పిలిచేవారు. మేనెలలో ఒక రోజు వెల్డర్లు నా చేతిలో సుద్దముక్క పెట్టి, క్రేను నీడ ఎంత జరుగుతోందో నేల మీద గీతలు గీస్తుండమన్నారు. ఇంజనీరు దొరకు ఆ లెక్క కావాలట. పొద్దున నుంచి అన్నం గంట కొట్టేదాకా ఎండలో వంగి గీస్తూనే ఉన్నాను. బూట్ల అడుగున రబ్బరు మెత్తబడి నేలకు అంటుకుంటోంది. చివరికి షావలి అనే గ్యాస్ కట్టర్ నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు.

"నీడకు లెక్కేంది రా నాయనా? పోయి అన్నం తిను పో" అన్నాడు.

వెనక్కి తిరిగి చూస్తే షెడ్డులో అందరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. అందరికంటే గట్టిగా మా బావ నవ్వుతున్నాడు. నాకు ఏడుపు రాలేదు కానీ ఆ నవ్వు మాత్రం చాలా రోజులు చెవుల్లో ఉండిపోయింది. నీళ్లు కూడా షావలే ఇచ్చాడు చూడండి, ఆయన ఇవ్వలేదు.

షావలిది రాయచోటి. బావకూ అతనికీ జోడీ కుదిరింది. షావలి గ్యాసుతో రేకు కోస్తే, బావ దాన్ని వెల్డింగ్‌తో అతికేవాడు. క్యాంపులో మేమందరం ఒకే గది. శుక్రవారం వంట షావలిది. భార్య జమీలాబీ పంపిన కారప్పొడి డబ్బాను మంచం కింద దాచుకుని, నాకు మాత్రం అడగకుండానే వేసేవాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, అయినా నాతో పరాచికాలు ఆడకుండా ఒక పూట ఉండలేడు. ఆ క్యాంపులో నేను ఇష్టపడ్డ మనిషి అతనొక్కడే.

మాకు పని నేర్పేది ఫోర్‌మన్ జిలానీ బాషా. నెల్లూరు మనిషి. ఆకురాయి పట్టడం తప్పితే స్టీలు స్కేలు అంచుతో వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. రక్తం వచ్చినా పని ఆపనిచ్చేవాడు కాదు. అయినా ఆయనంటే నాకు గురి. నోటితో చెప్పి ఊరుకోకుండా ప్రతిదీ చేసి చూపించేవాడు. ఒక పొద్దున మా ముగ్గురినీ కూర్చోబెట్టి, గుప్పెడు దూది గుడ్డలోకి ఆక్సిజన్ పైపు మూతి పెట్టి కాస్త వదిలాడు. తర్వాత చిమటాతో ఆ గుడ్డ పట్టుకుని దూరంగా నిలబడి, కాలుతున్న అగరుబత్తి కొస తాకించాడు. గుడ్డ భగ్గున లేచి, మేం రెప్పకొట్టేలోగా లేకుండా పోయింది. చిమటా మాత్రం మిగిలింది.

"దీన్ని గాలి అనుకుంటా ఉండారు మీరు. గాలి కాదబ్బయా. గుడ్డలో దూరి కూర్చుంటాది. నిప్పురవ్వ ఎప్పుడొస్తాదా అని చూస్తా ఉంటాది."

ఎండకు తాళలేక, ట్యాంకులో పని చేసేటప్పుడు చొక్కా లోపలికి ఆక్సిజన్ వదులుకునే వాళ్లు ప్రతి యార్డులోనూ ఉంటారని చెప్పాడు. చల్లగా ఉంటుంది, అందుకని వదులుకుంటారు. ఆ పక్కనే ఎవడో వెల్డింగ్ మొదలుపెడతాడు. ఇది జరగకుండా మా యార్డులో ఒక పద్ధతి పెట్టారు. ట్యాంకు బయట ఆక్సిజన్ లైనుకు కుళాయి ఉంటుంది. దాన్ని చావితోనే, అంటే విడిగా ఉండే ఇనుప తాళంచెవితోనే తిప్పాలి. ట్యాంకు మూతి దగ్గర ఒక అప్రెంటీసు కాపలా కూర్చుంటాడు, చావి వాడి మెడలో ఉంటుంది. కట్టర్ పని అయిపోగానే కుళాయి మూసి, పైపు బయటికి లాగేయాలి. జిలానీ బాషా మాకు రెండే మాటలు చెప్పాడు: చావి ఎవరికీ ఇవ్వొద్దు, మూతి దగ్గర నుంచి కదలొద్దు. రెండింట్లో ఏది తప్పినా ఇంటికే.

చావి లాక్కుంటే ఏం చేయాలని మాలో ఎవరమూ అడగలేదు. లాక్కునేవాళ్లు ఉంటారని ఎవరనుకుంటారు?

జూలైలో ట్యాంకులు కొనే కంపెనీ వాళ్లు చూడ్డానికి వచ్చారు. వాళ్లు దిగబోయే ట్యాంకు చల్లగా ఉండాలని, మా ట్యాంకులోకి గాలి కొట్టే బ్లోయరును జిలానీ బాషా ఊడదీయించి అక్కడికి పంపాడు. గాలి లేకుండా ఎట్లా దిగుతామని బావ అడిగాడు. దిగనంటే ఆ ముక్క ముదీర్‌కు నువ్వే పోయి చెప్పుకో అన్నాడు జిలానీ. ముదీర్ అంటే యార్డు మేనేజరు, ఆయన ముందు నిలబడి పని చేయనని చెప్పే ధైర్యం మాలో ఎవరికుంది? బావా, షావలీ నిచ్చెన దిగారు. నేను మెడలో చావి వేసుకుని మూతి దగ్గర కూర్చున్నాను. కాసేపటికి మూతిలోంచి వచ్చే ఆవిరికే నాకు కళ్లు తిరిగాయి. లోపలున్న వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

షావలి కోత అయిపోయిందని కేకేశాడు. నేను కుళాయి మూసి, పైపు లాగబోయాను. లోపల నుంచి బావ ఆపాడు. పైపు ఉండనియ్యి, కుళాయి మళ్లీ విప్పు, ఊపిరాడతలేదన్నాడు. నేను విప్పనన్నాను. షావలి కూడా బతిమాలాడు, రవ్వంత వదులు బామ్మర్దీ, ఉడికిపోతా ఉండాం అని. నేను జిలానీ బాషా చేసి చూపించింది పైనుంచి అరిచి చెప్పాను. ఇద్దరూ నవ్వారు. తర్వాత నిచ్చెన మీద బూట్ల చప్పుడు వినిపించింది.

బావ మూతిలోంచి నడుము దాకా పైకి వచ్చాడు. ముఖం కందిపోయి, చెమట గడ్డం మీద నుంచి ధారగా కారుతోంది. ఆయన్ని అలా చూస్తే నాకు జాలేసింది. చెయ్యి చాపాడు.

"చావి ఇయ్యి."

"ఇయ్యను బావా. మీరిద్దరు బయటికి రండ్రి. బ్లోయర్ వచ్చినంక దిగుండ్రి."

"పదేండ్ల సంది ఈ పనే చేస్తున్న. నిన్నగాక మొన్నొచ్చి నాకు నేర్పుతవా?"

అప్పుడు కొట్టాడు. తోలు గ్లవుసు చేతితో, చెవి మీద. నేను పక్కకు పడేసరికి మెడలో తాడు తెంపి చావి లాక్కున్నాడు. కుళాయి విప్పి, చావి తన తోలు ఏప్రాను జేబులో వేసుకుని దిగిపోయాడు. నేను లేచి పైపు పట్టుకుని లాగాను. అది రాలేదు, కింద షావలి గట్టిగా పట్టుకున్నాడు. అతని నవ్వు వినిపించింది. చొక్కాలో పైపు పెట్టుకున్నట్టున్నాడు, అబ్బా, అబ్బా అని సుఖంగా మూలిగాడు. వెల్డింగ్ ముట్టించొద్దని నేను మూతిలో తలపెట్టి అరిచాను. చావి లేదు, పైపు రాదు, వాళ్లు వినరు. కాళ్లు ఉన్నందుకు పరిగెత్తాను.

జిలానీ బాషా ఆ చివరి ట్యాంకు దగ్గర దొరల పక్కన నిలబడి ఉన్నాడు. నేను ఆయన చొక్కా పట్టుకుని చెప్పాను. బావ చావి గుంజుకున్నాడనీ, లోపల ఆక్సిజన్ విప్పి ఉందనీ, వెల్డింగ్ మొదలుపెట్టబోతున్నారనీ అన్నీ చెప్పాను. ఆయనకు అర్థమైంది. ముఖంలో రక్తం లేకుండా పోవడం నేను చూశాను. ఆయన ఒక్క అడుగు వేశాడో లేదో, మా ట్యాంకు నుంచి భుస్సుమని చప్పుడొచ్చింది. పేలుడేం కాదు. పొయ్యిలో ఒక్కసారి కిరసనాయిలు పోస్తే వచ్చే చప్పుడు.

షావలి నిచ్చెన తనే ఎక్కి వచ్చాడు. ఒంటి మీద చొక్కా లేదు, చర్మమూ అంతగా లేదు. నిలబడే నీళ్లడిగాడు. తాగిస్తే ప్రమాదమని ఎవరో అన్నారు, అందరూ ఆగిపోయారు. మూతి దగ్గర పెట్టుకున్న నా సీసా అప్పటికే చేతిలోకి తీశాను. నేనూ ఇవ్వలేదు. పొద్దుగూకకముందే ఆసుపత్రిలో పోయాడు. నీళ్లిచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు కానీ, ఎలాగూ పోయే మనిషి దాహంతో పోయాడు.

బావను తోలు ఏప్రాను కాపాడింది. ఎడమ చెయ్యి మాత్రం మోచేతి దాకా కాలింది. బయటికి వచ్చీ రాగానే జేబులోంచి చావి తీసి కుళాయి మూసింది ఆయనే, వెనక్కి పరిగెత్తి వస్తూ దూరం నుంచి చూశాను. చావి దానికే వదిలేశాడు. జనం వచ్చేసరికి చావి కుళాయికి ఉంది, నా మెడ ఖాళీగా ఉంది, మూతి దగ్గర నేను లేను.

మర్నాడు బావ నన్ను మెస్సు వెనక్కి పిలిచాడు. చేతికి తెల్ల కట్టు. కట్టు వైపే చూసుకుంటూ మాట్లాడాడు.

"నేనే అని తేలితే పోలీసులు వట్టుకపోతరు, లింగం. మనిషి సచ్చిండు. జేల్ల ఎన్నేండ్లో తెల్వది. నువ్వైతే నేర్చుకునేటోనివి. తెల్వక తిప్పిండంటరు, టికెట్టు కొట్టి పంపుతరు. గంతే."

గంతే అన్నాడు. నా మొదటి ఏడాది, సెప్టెంబరు పరీక్ష, ఫిట్టర్ కాగితం, అన్నీ కలిపి ఆయన దృష్టిలో అంతే. ఇద్దరం ఉన్నదున్నట్టు చెబుదామన్నాను. బ్లోయర్ తీసేశారు కాబట్టి తప్పు యార్డుదే అవుతుందన్నాను. ఆయన నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. నేను తిప్పానని నా నోటితో మాత్రం చెప్పనన్నాను. సరే అని తలూపి వెళ్లిపోయాడు. నా మాటకు ఒప్పుకున్నాడనుకుని ఆ పూట కడుపునిండా తిన్నాను కూడా.

ఆఫీసు క్యాబినులో ఏసీకి వణుకు పుట్టింది. బల్ల వెనక ఇంజనీరు దొర, పక్కన ముదీర్. మా మాటలు దొరకు ఇంగ్లీషులో చెప్పడానికి జిలానీ బాషానే నిలబెట్టారు. ముందు బావ చెప్పాడు. తాను వెల్డింగ్ చూసుకుంటున్నాడట, కుళాయి ఎవరు తిప్పారో చూడలేదట, చావి ఎప్పుడూ పోరని దగ్గరే ఉంటుందట. నా వైపు చూడకుండా, కట్టు కట్టిన చెయ్యి పొట్ట మీద పెట్టుకుని చెప్పాడు. ఆయన అబద్ధం చెప్పడం నేను చూడటం అదే మొదలు. ఎక్కడా తడబడలేదు.

నా వంతు వచ్చినప్పుడు బ్లోయర్ తీసిన దగ్గర్నుంచి, చెవి మీద దెబ్బ దగ్గర్నుంచి, పరిగెత్తి జిలానీ బాషాకు చెప్పేదాకా ఏదీ వదలకుండా చెప్పాను. జిలానీ బాషా దాన్నంతా రెండు ముక్కల్లో దొరకు చెప్పి ముగించాడు. నా ఐటిఐ ఇంగ్లీషుకు కూడా ఆ రెండు ముక్కలు అర్థమయ్యాయి. ట్యాంకు దగ్గర నుంచి వెళ్లిపోయినట్టు ఒప్పుకుంటున్నాడు, ఇంకేవో సాకులు చెబుతున్నాడు అన్నాడు. నేను లేచి, "నో బ్లోయర్ సార్, బ్లోయర్ టేక్" అని చేతులతో చూపించాను. దొర జిలానీ వైపు చూశాడు. బ్లోయర్ లేనంతసేపూ ఆ ట్యాంకులో అసలు పనే ఆపించామని, అది తిరిగొచ్చాకే మొదలుపెట్టారని జిలానీ చెప్పాడు. దొర ఈసారి నన్నే చూస్తూ, నాకు అర్థమయ్యేలా మెల్లగా అడిగాడు. మూతి దగ్గర నుంచి కదిలావా, లేదా?

కదిలాను సార్, చెప్పడానికే, అనబోయాను. మొదటి మాట దగ్గరే ముదీర్ అరచెయ్యి ఎత్తాడు.

"ఖలాస్."

బయటికి వచ్చాక జిలానీ బాషా దారికి అడ్డం నిలబడ్డాను. మీకే వచ్చి చెప్పాను కదా సార్, మీ చొక్కా పట్టుకుని చెప్పాను కదా అన్నాను. కనీసం తల దించుకుంటాడనుకున్నాను. ఆయన దించుకోలేదు.

"రెండే మాటలు చెప్పినా నీకు. ఒక్కటన్నా నిలబెట్టినావా అబ్బయా?"

ఆ మాట ఆయన నిజంగానే నమ్ముతున్నాడు, అదీ నన్ను కాల్చింది. టూల్‌బాక్సు స్టోర్లో అప్పజెప్పి పొమ్మన్నాడు. ఆకురాళ్లు నూనె గుడ్డతో తుడిచి మరీ ఇవ్వమన్నాడు. తుడిచి ఇచ్చాను.

టికెట్టు వచ్చేదాకా నేను గదిలో ఉన్నానే కానీ, ఎవరూ నాతో మాట్లాడలేదు. కొట్టినా బాగుండేది. నేను మెస్సులో కూర్చుంటే పక్కవాళ్లు పళ్లెం ఎత్తుకుని లేచేవారు. యార్డంతా బామ్మర్ది అని పిలిచిన వాళ్లు ఇప్పుడు ఆ మాట కూడా మానేశారు. షావలి ఊరివాడు ఇనాయతుల్లా అతని సామాను సర్దడానికి వచ్చాడు. లుంగీలు మడిచాడు, మంచం కింద నుంచి కారప్పొడి డబ్బా తీశాడు. షావలిని ఎవరు చంపారో నేను చెబుతాను వినమని నేను అతని దగ్గరికి వెళ్లాను. నన్ను మాట మొదలుపెట్టనివ్వలేదు.

"జమీలాబీకి నీ పేరు చెప్తాం. ఎవర్ని తిట్టుకోవాలో ఆమెకు తెలియాల గదా" అన్నాడు.

అవతల మంచం మీద బావ కూర్చుని ఉన్నాడు. కుడిచేత్తో టీ తాగుతున్నాడు. ఈ మాట విని కూడా గ్లాసు కింద పెట్టలేదు. ఇనాయతుల్లా సామానుతో వెళ్తుంటే లేచి తలుపు తీసి పట్టుకున్నాడు.

నేను వెళ్లే రోజు మధ్యాహ్నం అందరూ పనిలో ఉన్నారు. చెయ్యి కాలిందని బావకు ఇంకా సెలవే. పొద్దున్నే కంపెనీ బస్సులో దేరా పోయి, నైఫ్ బజారు నుంచి పెద్ద మూట తెచ్చాడు. అక్కకు రెండు చీరలు, దుప్పటి, బిడ్డలిద్దరికీ జరీ అంచు గౌన్లు, తలనొప్పి మందు సీసాలు. నా మంచం మీద పరిచి ఒక్కొక్కటీ ఎవరికో చెప్పాడు. గుర్తుపెట్టుకోమన్నాడు. పెద్దదానికి ఎర్ర గౌను, చిన్నదానికి పచ్చ గౌను, మార్చి ఇస్తే కొట్టుకుంటారన్నాడు. ఏమీ జరగనట్టు, సెలవుకు పోతున్న బామ్మర్దికి చెప్పినట్టు చెప్పాడు. తర్వాత దుప్పట్లో అన్నీ చుట్టి, ఒంటిచేత్తోనూ పళ్లతోనూ ముడి వేయసాగాడు. పట్టుకోమన్నాడు. నేను అటు కొస పట్టుకున్నాను.

క్యాంపు అంతా నిశ్శబ్దంగా ఉంది. మా గదిలో కాదు కదా, ఆ వరసలోనే మనిషి లేడు. నాకు ఉద్యోగం తిరిగి రాదని తెలుసు. జమీలాబీ నన్నే తిట్టుకుంటుందని తెలుసు. నాకు ఆయన నుంచి ఒక్క మాట కావాలి, అదీ ఎవరి ముందూ కాదు. ఆ మాట అంటే మిగిలినవన్నీ మోస్తాననే అనుకున్నాను. ఇంకెవరికీ చెప్పనని అక్క మీద ఒట్టు వేయడానికి కూడా సిద్ధంగా ఉన్నాను.

"బావా, ఈడ ఎవ్వరు లేరు. నాకొక్కనికే చెప్పు. కుళాయి ఎవరు తిప్పిండ్రు?"

ఆయన నోట్లో ఉన్న కొసను లాగి ముడి బిగించాడు. పెదాలు తుడుచుకుని, ఈసారి సూటిగా నా కళ్లలోకి చూశాడు.

"నువ్వే" అన్నాడు. "అక్క అడిగితే గూడ గట్లనే చెప్పు."

ఆయన గొంతులో బెదిరింపు లేదు, బతిమాలడమూ లేదు. నా వయసెంతో, అక్క పేరేంటో చెప్పినంత మామూలుగా చెప్పాడు. అప్పటిదాకా నాకు ఆయన మీద కోపం ఉండేది. ఆ మాటతో కోపం పోయి భయం పట్టుకుంది. పదేళ్లు అన్నం పెట్టిన మనిషి, ఎవరూ వినని గదిలో, చూసిన వాడి ముందే అలా అనగలిగాడు.

గేటు దగ్గర బస్సు హారన్ కొట్టింది. ఆయనే మూట ఎత్తి నా భుజానికి సర్ది, పైలం అన్నాడు. ఇసుకలో నడుస్తూ దాన్ని అక్కడే విసిరేద్దామని రెండుసార్లు ఆగాను. పిల్లల గౌన్లు అందులో ఉన్నాయని విసరలేకపోయాను.